బెంగళూరులో ఖరీదైన హోటల్ గది ఉసూరుమనిపిస్తే ఏం చేయాలి

రాత్రికి తొమ్మిది వేలు పోసి తీసుకున్న గదిలో ఏసీ గురక పెడుతుంటుంది, షవర్‌లో నీళ్లు దారంలా కారుతుంటాయి. ఇలాంటప్పుడు మనవాళ్లలో ఎక్కువమంది ఒక్క రాత్రే కదా అని సర్దుకుపోతారు, మర్నాడు ఖాళీ చేసేటప్పుడు కౌంటర్ దగ్గర గొడవపడతారు. అప్పటికే పని చేయి దాటిపోయి ఉంటుంది. ఆ గదిలో పడుకున్నారు, స్నానం చేశారు, రాత్రంతా ఒక్క ఫోన్ కూడా చేయలేదు. హోటల్ కంప్యూటర్లో మీ గది మీద ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదు. మేనేజర్ 'ఈసారి వచ్చినప్పుడు చూసుకుంటాం సార్' అని నవ్వి పంపేస్తాడు. ఫిర్యాదుకు బలం ఉండేది మొదటి అరగంటలో, పెట్టెలు విప్పకముందు. అమ్మానాన్నల పెళ్లిరోజుకో, షష్టిపూర్తికో, అనంతపురం నుంచి దిగే వియ్యాలవారికో బెంగళూరులో పెద్ద హోటల్ తీసుకునేవాళ్ల కోసం ఈ వివరాలు.

బుక్ చేసే ముందు

యాప్‌లో కనిపించే '5 స్టార్' చాలాసార్లు ఆ యాప్ ఇచ్చుకున్నదో, హోటల్ తనకు తాను చెప్పుకున్నదో అయి ఉంటుంది. అధికారికంగా నక్షత్రాలు ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ. దాని తరఫున హెచ్ఆర్ఏసీసీ అనే కమిటీ తనిఖీ చేసి 1 నుంచి 5 నక్షత్రాలు, ఆ పైన 5 స్టార్ డీలక్స్ ఇస్తుంది. ఆ గుర్తింపు 5 ఏళ్లు చెల్లుతుంది, వివరాలు ఆ శాఖ 'నిధి' పోర్టల్‌లో దొరుకుతాయి. హోటల్ దీన్ని తీసుకుని తీరాలనే నియమం లేదు. కాబట్టి గుర్తింపు లేనంతమాత్రాన అది చెడ్డ హోటల్ కాదు. కానీ ఆ నిబంధనల్లో పనికొచ్చే కొలత ఒకటుంది: 5 స్టార్ గది బాత్రూం కాకుండా కనీసం 200 చదరపు అడుగులు ఉండాలి. మీరు చూస్తున్న 'లగ్జరీ' గది బాత్రూంతో కలిపి 190 అని రాసి ఉంటే, లాబీలో ఎంత పాలరాయి పరిచినా ఆ గదిలో రెండు పెట్టెలు తెరిచిపెట్టడానికి చోటుండదు.

గదుల పేర్లను నమ్మకండి. సుపీరియర్, డీలక్స్, ప్రీమియం అని మూడుంటే సుపీరియరే అన్నిటికన్నా కిందిది. 'సిటీ వ్యూ' అంటే ఎక్కువగా రోడ్డు. వ్యూ గురించి ఏమీ రాయకపోతే, కిటికీ డక్టులోకో పక్క బిల్డింగ్ గోడకో తెరుచుకుంటుందని అనుకోవచ్చు. హోటల్ పెట్టిన ఫొటోలు వైడ్ లెన్సుతో తీసినవి. బస చేసినవాళ్లు గత మూడు నెలల్లో పెట్టిన ఫొటోలు చూడండి. రివ్యూల్లో 1, 5 వదిలేసి 2, 3 నక్షత్రాలవి చదవండి. కోపమో మొహమాటమో లేకుండా అసలు సంగతి రాసేది వాళ్లే. స్మెల్, నాయిస్, హాట్ వాటర్, రెనొవేషన్ అనే మాటలతో వెతికితే పని త్వరగా తెములుతుంది.

తర్వాత హోటల్ సొంత నంబరుకు ఫోన్ చేయండి, గొలుసు సంస్థల టోల్ ఫ్రీకి కాదు. ఉదయం 10 నుంచి 12 వరకు ఖాళీ చేసేవాళ్ల రద్దీ, మధ్యాహ్నం 2 దాటితే దిగేవాళ్ల రద్దీ. ఈ రెండూ తప్పించి అడగాల్సినవి: ఏ ఫ్లోర్లలో పనులు జరుగుతున్నాయి, గదులు కొత్త వింగ్‌లోనా పాత వింగ్‌లోనా, స్విమ్మింగ్ పూల్ నడుస్తోందా, ఆ రాత్రి బాంక్వెట్ హాల్లో ఫంక్షన్ ఉందా. బెంగళూరులో చాలా పూల్స్‌కి నీళ్లు వేడిచేసే ఏర్పాటు ఉండదు, డిసెంబరు, జనవరిలో పిల్లలు రెండు నిమిషాలు కూడా దిగలేరు. పూల్ కోసమే తీసుకుంటుంటే ఈ సంగతి ముందే అడగండి. జవాబు ఏదైనా 'ఇదే మెయిల్‌లో పంపండి' అనండి. పై అంతస్తు, లిఫ్టుకు దూరం, కొత్త వింగ్ అన్న మూడు కోరికలు మెయిల్‌లో ఉంటే, తర్వాత మాట్లాడటానికి అదే ఆధారం.

ఈ ఊళ్లో ధరల తీరు వేరు. వైట్‌ఫీల్డ్, ఔటర్ రింగ్ రోడ్, ఎలక్ట్రానిక్ సిటీ హోటళ్లు ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లతో సోమవారం నుంచి గురువారం దాకా నిండి ఉంటాయి. శని, ఆదివారాల్లో అవే గదులు చౌకగా దొరుకుతాయి, హోటల్ సిబ్బందికీ తీరిక ఉంటుంది. బేసి సంవత్సరాల ఫిబ్రవరిలో యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగే వారం మాత్రం ఆ వైపు వెళ్లొద్దు, సాధారణ గదికే భారీ రేటు కట్టాల్సి వస్తుంది. ఇందిరానగర్ 12వ మెయిన్, చర్చ్ స్ట్రీట్, కోరమంగళ వైపు తీసుకుంటే పబ్బులు రాత్రి ఒంటిగంట దాకా నడుస్తాయని గుర్తుంచుకోండి. రోడ్డు వైపు గది వద్దని బుక్ చేసేటప్పుడే రాయించాలి. పెద్దవాళ్లతో వస్తే ఇది మరీ ముఖ్యం.

పన్ను లెక్క ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. రూ.7,400 గదికి మొత్తం రూ.7,770 అవుతుంది. రూ.7,600 గదికి రూ.8,968. గది అద్దెలో తేడా 200, చెల్లించేదాంట్లో తేడా 1,198. ధర 7,600-7,900 మధ్య ఉంటే 7,500కి దించమని అడగడం దండగ కాదు. చాలాచోట్ల దించుతారు, వాళ్లకు పోయేది తక్కువ, మీకు మిగిలేది ఎక్కువ.

చివరగా డబ్బు ఎప్పుడు కట్టాలి. ముందే కట్టే 'నాన్ రిఫండబుల్' రేటు కాస్త చౌక. కానీ ఆ డబ్బు యాప్ చేతికి వెళుతుంది. గది బాగోకపోయినా హోటల్ కౌంటర్ 'మేం తిరిగివ్వలేం, యాప్‌లో అడగండి' అంటుంది, యాప్ 'హోటల్ ఒప్పుకోవాలి' అంటుంది. ఖరీదైన బసకు 'పే ఎట్ హోటల్' తీసుకోవడమే మంచిది. కట్టాల్సిన డబ్బు మీ దగ్గరున్నప్పుడు మేనేజర్ మాట తీరే వేరు. దిగేటప్పుడు అడ్వాన్సుగా పట్టుకునే మొత్తానికి క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డయితే నిజంగానే డబ్బు కోత పడి, వెనక్కి రావడానికి రోజులు పడుతుంది.

బెంగళూరులోనే ఉండే తెలుగువాళ్లు సెలవుకని ఒక రాత్రి హోటల్లో దిగేటప్పుడు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి: కొన్ని హోటళ్లు స్థానిక అడ్రసు ఉన్న ఐడీని ఒప్పుకోవు. పెద్దవాటిలో ఇది అరుదు, మధ్యతరహావాటిలో తరచూ ఉంటుంది. బుకింగ్ షరతుల్లో 'లోకల్ ఐడీ' అన్న వాక్యం వెతకండి. పాన్ కార్డులో అడ్రసు ఉండదు కాబట్టి అది చెల్లదు. ఆధార్ ఇస్తే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

గదిలో మొదటి ఇరవై నిమిషాలు

పెట్టెలు తలుపు దగ్గరే ఉంచండి. పిల్లల్ని మంచం ఎక్కనివ్వకండి. ఈ పరీక్షలన్నీ వరుస ప్రకారం చేస్తే ఇరవై నిమిషాలు చాలు.

ముందు ఏసీ 24 డిగ్రీల్లో పెట్టండి, ఎందుకంటే ఫలితం తెలియడానికి దీనికే ఎక్కువ సమయం కావాలి. పెద్ద హోటళ్లలో గదిలో ఉండేది చల్లటి నీళ్ల గొట్టం మీదుగా గాలి తోసే యూనిట్ మాత్రమే, నీటిని చల్లబరిచే చిల్లర్ వేరేచోట ఉంటుంది. పదిహేను నిమిషాలకు కూడా గాలి చల్లబడకపోతే వాల్వు పట్టేసిందో, ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందో. టెక్నీషియన్ అరగంటలో సరిచేయగలడు. ఆ ఫ్లోర్ అంతా అలాగే ఉందంటే చిల్లర్‌ను తగ్గించి నడుపుతున్నారు. అప్పుడు గది మార్చి లాభం లేదు, ఫ్లోరో హోటలో మారాలి. గాలితోపాటు తడిసిన గోనెసంచి వాసన వస్తే యూనిట్ కింది నీళ్ల ట్రేలో బూజు పట్టింది. రూమ్ స్ప్రే కొట్టించి ఒప్పుకోవద్దు, గంటలో మళ్లీ వస్తుంది. దీనికి గది మార్పు ఒక్కటే మందు.

ఏసీ పనిచేస్తుండగా బాత్రూంలో వేడినీళ్ల కుళాయి తిప్పి గడియారం చూడండి. సెంట్రల్ హాట్ వాటర్ ఉన్న భవనంలో ఒకటి, రెండు నిమిషాల్లో వేడి రావాలి. మూడు దాటినా రాలేదంటే వేడినీటిని గొట్టాల్లో తిప్పే పంపు ఆపి ఉంచారు, లేదా మీ గది ఆ లైను చిట్టచివర ఉంది. పొద్దున 7-9 మధ్య అందరూ స్నానాలకు దిగినప్పుడు పరిస్థితి ఇంకా దిగజారుతుంది. షవర్ తిప్పి, అదే సమయంలో ఫ్లష్ నొక్కండి. షవర్ ఒక్కసారిగా సన్నబడితే ప్రెషర్ చాలడం లేదు. నీళ్లు తక్కువగా, అడ్డదిడ్డంగా చిమ్ముతుంటే అది ప్రెషర్ సమస్య కాదు: బోరు, ట్యాంకర్ నీళ్లలోని ఉప్పు షవర్ రంధ్రాల్లో తెల్లగా పేరుకుంది. షవర్ తల మార్చమంటే పది నిమిషాల పని. వాష్‌బేసిన్ కుళాయి ధార సన్నగా ఉంటే మాత్రం తప్పు పట్టకండి. 2024 వేసవి నీటి ఎద్దడిలో బెంగళూరు జలమండలి వాణిజ్య భవనాల కుళాయిలకు ఏరేటర్లు (గాలి కలిపి నీటి వాడకం తగ్గించే మూతులు) తప్పనిసరి చేసింది, అది వాటి పని.

బాత్రూంలో మురుగు వాసన వస్తే వెంటనే కోప్పడకుండా, నేల మీది జాలీలో ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు పోయండి. కొన్ని రోజులు ఎవరూ దిగని గదిలో జాలీ కింద నీళ్లు నిలిచి వాసనను ఆపే ట్రాప్ (వంపు గొట్టం) ఆరిపోయి గొట్టంలోని గాలి పైకి తన్నుతుంది. నీళ్లు పడితే దారి మూసుకుని పది నిమిషాల్లో వాసన తగ్గుతుంది. తగ్గకపోతే ట్రాపే సరిగా లేదు, గది మార్చాలి. పోసిన నీళ్లు నిలబడిపోతే రేపు మీ స్నానం నీళ్లూ అలాగే నిలబడతాయి.

ఇక మంచం. తలవైపు మూల దగ్గర దుప్పటి, దాని కింది ప్రొటెక్టర్ రెండూ ఎత్తి, పరుపు కుట్ల వెంట ఫోన్ టార్చ్ వేయండి. నల్లులుంటే నల్లటి పెన్ను చుక్కల్లాంటి మరకలు, లేత పొట్టు, కుట్టు మడతల్లో గోధుమరంగు పురుగులు కనిపిస్తాయి. పెరిగిన నల్లి దాదాపు 5 మిల్లీమీటర్లు. తలగడ వెనకున్న చెక్క బోర్డు అంచులూ చూడండి, అవి ఎక్కువగా అక్కడే దాక్కుంటాయి. కనిపిస్తే ఫొటో తీసి ఒక్క వస్తువూ మంచం మీద పెట్టకుండా బయటికి రండి. పక్క గది, సరిగ్గా పైన, సరిగ్గా కింద ఉన్న గదులు వద్దనండి. గోడల సందుల గుండా అవి పాకుతాయి. ఇంటికెళ్లాక బట్టలు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి. మంచం కాళ్ల వైపు పరిచే రంగు గుడ్డ, అలంకారం దిండ్లు చాలాచోట్ల రోజూ ఉతకరు. అవి తీసి కుర్చీలో పడేయడం మంచిది.

ఆ తర్వాత ఏసీ రెండు నిమిషాలు ఆపి చెవులు రిక్కించండి. జనరేటర్, వంటగది ఎగ్జాస్ట్, లిఫ్టు మోటారు, కింద పబ్బు బేస్ చప్పుడు ఏసీ శబ్దంలో వినిపించవు, అర్ధరాత్రి వినిపిస్తాయి. పక్క గదికి లోపలి నుంచి తలుపు ఉంటే గడియ పడుతుందో లేదో లాగి చూడండి. కెటిల్‌లో మొదటి విడత నీళ్లు మరిగించి పారబోయండి. తలుపు వెనకున్న మ్యాప్‌లో మెట్ల దారి చూసుకుని, మీ గది నుంచి అక్కడికి ఎన్ని తలుపులో లెక్కపెట్టండి. పొగలో బోర్డులు కనిపించవు.

ఎవరితో, ఏమని మాట్లాడాలి

రిసెప్షన్‌లో ఉండే పిల్లలకు గది మార్చే అధికారం ఉంటుంది, డబ్బు తగ్గించే అధికారం ఉండదు. వాళ్ల మీద అరిచి లాభం లేదు. డ్యూటీ మేనేజర్ పై తరగతి గది ఇవ్వగలడు, బ్రేక్‌ఫాస్ట్, లేట్ చెక్అవుట్ కలపగలడు. గది అద్దెలో కోత పెట్టాలంటే ఎక్కువచోట్ల ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్‌నో జనరల్ మేనేజర్‌నో అడగాలి, వాళ్లు పగలే దొరుకుతారు. రాత్రి పదకొండుకి 'అద్దె వాపసు ఇవ్వండి' అంటే కాదనే వస్తుంది, 'ఇప్పుడే గది మార్చండి, మిగతాది రేపు పొద్దున మాట్లాడదాం' అంటే పని అవుతుంది.

ఫోన్ చేశాక అదే సంగతి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపాలి. మాట గాలికి పోతుంది, మెయిల్ సమయంతో సహా మిగులుతుంది. ఇంగ్లిష్‌లో పంపినా తీరు ఇలా ఉండాలి:

'గది 614. సాయంత్రం 4:10కి దిగాం. ఏసీ 24లో పెట్టి 30 నిమిషాలైనా థర్మోస్టాట్ 29 చూపిస్తోంది. 4:45కి రిసెప్షన్‌కు చెప్పాం, 5:20 వరకు ఎవరూ రాలేదు. 6 గంటలలోపు ఇదే తరగతి లేదా పై తరగతిలో వేరే గది ఇప్పించగలరు. ఫొటోలు జతచేశాం.'

ఇందులో తిట్టు లేదు, 'మీ హోటల్ ఇంత ఘోరమనుకోలేదు' లేదు, రివ్యూ రాస్తామన్న బెదిరింపు అసలే లేదు. బెదిరిస్తే మేనేజర్ మిమ్మల్ని ఉచితాల కోసం వచ్చినవాళ్ల లెక్కలో వేసుకుంటాడు. ఏం జరిగింది, ఎప్పుడు చెప్పాం, ఏం కావాలి, ఎప్పటికల్లా కావాలి అన్నవి చాలు.

కొత్త గది ఇస్తామంటే పెట్టెలు కదలకముందే ఒకరు వెళ్లి పై పరీక్షల్లో ఏసీ, వేడినీళ్లు, పరుపు మూడూ మళ్లీ చేయాలి. గదులన్నీ నిండాయంటే, ఖాళీగా ఉన్న పై తరగతి అడగండి, అదీ లేకపోతే ఇదే స్థాయి మరో హోటల్లో గది, అక్కడికి క్యాబ్ వాళ్ల ఖర్చుతో అడగండి. బుక్ చేసిన గది ఇవ్వలేనప్పుడు హోటళ్లు ఇలా పంపడం ఈ వ్యాపారంలో మామూలే, అడిగితే తప్ప ముందుగా చెప్పరు.

అడిగేది నష్టానికి తగ్గట్టు ఉండాలి. పూల్ మూసి ఉందని మొత్తం అద్దె అడిగితే ఎవరూ వినరు, ఆ విషయం బుకింగ్‌లో రాయకుండా దాచినందుకు కొంత తగ్గింపు అడగొచ్చు. రాత్రంతా ఏసీ లేకపోతే ఆ రాత్రి అద్దెలో సగం అడగడం సబబు. నల్లులైతే ఆ రాత్రి మొత్తం అద్దె, బట్టల లాండ్రీ ఖర్చు. బ్రేక్‌ఫాస్ట్‌లో ఇడ్లీ గట్టిగా ఉందన్న ఫిర్యాదు ఈ వరుసలో కలపకండి, అసలు సమస్య పలచబడుతుంది. (ఆదివారం 9 గంటలకు బఫే దగ్గర జాతర, 7:30కి వెళ్తే దోసె వేడివేడిగా దొరుకుతుంది.)

బిల్లు

చెక్అవుట్ ముందు రాత్రే డ్రాఫ్ట్ బిల్లు గదికి పంపమనండి. ఖాళీ చేసే క్యూలో నిలబడి వరసలు చదవడం కుదరదు. చూడాల్సినవి: ఒప్పుకున్న తగ్గింపు పడిందా, మినీబార్‌లో తీయనివి రాశారా, రూం సర్వీస్‌కు విడిగా 'ట్రే ఛార్జ్' కలిపారా, గది అద్దెకు తగిన జీఎస్టీ శాతమేనా. జీఎస్టీ నంబరు కర్ణాటక హోటల్‌ది కాబట్టి 29తో మొదలవాలి. పన్ను ఆ రాష్ట్రంలోనే పడుతుంది గనక, హైదరాబాద్ రిజిస్ట్రేషన్ మాత్రమే ఉన్న మీ కంపెనీ దాన్ని వెనక్కి రాబట్టుకోలేదు.

సర్వీస్ ఛార్జ్ ఉంటే తీసేయమనండి. వినియోగదారుల రక్షణ కేంద్ర సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటల్ దాన్ని తనంతట తాను బిల్లులో కలపకూడదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మంచినీళ్ల సీసాకు ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ వేశారని మాత్రం కొట్లాడకండి. హోటళ్లు వడ్డించే సీసాకు ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉచితమని గదిలో పెట్టిన రెండు సీసాలు బిల్లులో చేరితే అది వేరే మాట.

కారును వాలేకి, అంటే పార్క్ చేసిపెట్టే హోటల్ సిబ్బందికి, ఇచ్చి ఉంటే తీసుకునేటప్పుడే చుట్టూ తిరిగి చూడండి. వాలే చీటీ వెనక 'మాకు బాధ్యత లేదు' అని అచ్చు వేసినంతమాత్రాన హోటల్ తప్పించుకోలేదని, తీసుకున్న కారును జాగ్రత్తగా చూసే బాధ్యత దానిదేనని 2019 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంటికి వచ్చాక

అక్కడ తేలకపోతే వారంలోపు జనరల్ మేనేజర్‌కు మెయిల్ పెట్టండి. పాత మెయిళ్లు, ఫొటోలు, బిల్లు జతచేసి, కావాల్సిన మొత్తం అంకెల్లో రాసి, 15 రోజుల గడువివ్వండి. యాప్‌లో కట్టి ఉంటే యాప్‌కూ అదే పంపండి. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపుపై అభ్యంతరం) వేయొచ్చు. చెప్పిన సేవ అందలేదన్న కారణానికి వీసా, మాస్టర్‌కార్డ్ సాధారణంగా 120 రోజుల దాకా అవకాశం ఇస్తాయి, కానీ బ్యాంకు సొంత గడువు ముందే ఉండొచ్చు కాబట్టి ఆలస్యం చేయొద్దు. హోటల్‌తో జరిపిన రాతకోతలు లేకుండా బ్యాంకు దీన్ని ముందుకు తీసుకెళ్లదు.

తిండి పడక వాంతులూ విరేచనాలైతే దారి వేరు: డాక్టరు చీటీ, బిల్లు మీదున్న 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరుతో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయాలి.

తర్వాతి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబరు 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, మీ ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు రాబడతారు. చాలా చిన్న మొత్తాలు ఇక్కడే తేలిపోతాయి.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే ఊళ్లోనే వేయొచ్చు: హోటల్ బెంగళూరుదైనా, అనంతపురంలో ఉండేవాళ్లు అనంతపురంలోనే. సమస్య జరిగిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, లాయరు ఉండి తీరాలనీ లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసి, వీడియో ద్వారా విచారణ కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చు. బుకింగ్ రసీదు, హోటల్ ప్రకటన స్క్రీన్‌షాట్, గది ఫొటోలు, పంపిన మెయిళ్లు, చివరి బిల్లు తేదీల వరుసలో పెట్టి నంబర్లు వేయండి. ఫోన్లో ఉన్న అసలు ఫొటోలు చెరిపేయకండి, వాట్సాప్‌లో పంపిన కాపీల్లో తీసిన సమయం ఉండదు.